నా టికెట్టు నాన్న తీశాడు

పోయిన నెల సింగపూరులో మా చెల్లెలి కూతురింటికి వెళ్లినప్పుడు, నేనూ అదీ కలిసి బస్సెక్కి, దాని ఛార్జీ కూడా నేనే కట్టేద్దామని నా కార్డును రెండోసారి ఛార్జీ కోసుకునే యంత్రానికి ఆనించబోతే, పిల్ల నవ్వేసి, అలా కుదరదు పెద్దమ్మా, ఇక్కడ మనిషికో కార్డు అంది. సరేలే అని కూర్చున్నానే గానీ మనసు చివుక్కుమంది.

కలకత్తా బస్సుల్లో తిరిగిన మన ఈడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెలిసినవాళ్లు ఒకే బస్సులో పడ్డారంటే, కండక్టరు ముందు ఎవరి దగ్గరికొస్తే వాళ్లే అందరికీ టికెట్లు తీసేసేవారు. వేళ్ల మధ్య నోట్లు మడిచి పెట్టుకున్న ఆ కండక్టరు మన దగ్గరికొచ్చి "హోయే గేచే దిదీ", అయిపోయిందక్కా అన్నాడంటే, వెనక్కి తిరిగి ఎవరా అని వెతికి ఒక నవ్వు నవ్వాలి, అదీ మర్యాద.

మా నాన్న శ్రీకాకుళం నుంచి కలకత్తా వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో బరువులు మోసి నన్ను చదివించాడు. మా వాళ్లలో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఊళ్లో ఆఫీసులన్నీ ఉండే డల్హౌసీలో ఉద్యోగానికి చేరి నెల తిరగలేదు, ఒక సాయంత్రం ఆఫీసు స్నేహితురాళ్లిద్దరితో ఆడవాళ్ల సీట్లో కూర్చుని, ఇస్త్రీ చీర నలక్కుండా సర్దుకుంటూ ఉండగా, వెనక గేటులోంచి నాన్న ఎక్కాడు. ఆ రోజు ఆయనకు పని అటువైపు పడినట్టుంది. గ్రీజు మరకల చొక్కా, తలకు తువ్వాలు. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఎందుకంటారా? సిగ్గు, పాడు సిగ్గు, ఇంకేం చెప్పను! ముందుకు రాబోయినవాడు అక్కడే ఆగిపోవడం ఓరకంట కనిపించింది కూడా.

కాసేపటికి కండక్టరొచ్చి మా ముగ్గురివీ అయిపోయాయన్నాడు. స్నేహితురాళ్లు వెనక్కి తిరిగి చూసి, ఎవరాయన అని అడిగారు. మా పేటలో ఉండే ఒకాయన అన్నాను. బెంగాలీలోనే అన్నాననుకోండి, అయితే మాత్రం, రేవులో అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఆ మాత్రం బెంగాలీ రాదా? బస్సు ఆగి ఉంది, నా మాట వెనకదాకా వినిపించే ఉంటుంది.

ఇంటికెళ్లాక కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాను. నాన్నే నా పక్కన కూర్చుని, "పరవానేదులేమ్మా, ఒళ్లంతా మురికి కదేటి, నేనే ఎనకుండిపోనాను" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. కాళ్ల మీద పడి తప్పయిపోయింది నాన్నా అనాల్సినదాన్ని, ఊఁ అని ఊరుకున్నాను. ఆ తర్వాత అటు పని పడిన రోజుల్లో నేనుండే బస్సును వదిలేసి వెనక బస్సులో వచ్చేవాడట. ఆ సంగతి ఆయన పోయాక, ఆయనతో పాటు మోత మోసిన ఒక ముసలాయన చెబితే తెలిసింది. చాటుకు వెళ్లి ఏడ్చాను, ఏం లాభం!

ఇప్పుడు మా కలకత్తాలోనూ ఎవరి టికెట్టు వాళ్లదే అయిపోయింది. ఒకరికి ఇంకొకరు తీయడమూ లేదు, తీసినదెవరని వెనక్కి తిరిగి అడిగేవాళ్లూ లేరు. ఒక్కరైనా అడిగితే బాగుండును, మా నాన్న అని బస్సంతా వినేట్టు చెబుదును.