హుసేనప్పకు రివిట్టు కుదరాలి

డోన్‌లో పిల్లకు సంబంధమైనా తొందరగా కుదురుతుంది గాని, హుసేనప్ప చేతిలో కత్తి పిడికి రివిట్టు కుదరదు.

కత్తి పిడి అంటే ఇనుప తోకకు అటొక చెక్క, ఇటొక చెక్క. మూడింటినీ కలిపి పట్టి ఉంచడానికి రివిట్లు. లోకానికి ఇంతే. స్టేషన్ రోడ్డులో ఆయన అంగడి మెట్టెక్కినవాళ్లకు మాత్రం అది పెద్ద విచారణ. ఇత్తడి రివిట్టును రాతిమీద కొట్టి చప్పుడు వింటాడు. రాగిదాన్ని పంటితో కొరుకుతాడు. స్క్రూనైతే దొంగసాక్షిని చూసినట్టు చూస్తాడు.

మెస్సు నడిపే ఓబులేష్ ఒకసారి తొందరపెట్టాడు.

"ఏదో ఇనుపది కొట్టీప్పా, పోతా."

"నిమ్మకాయలు కోస్తావా?"

"మెస్సన్నాక కోయకుంటే యెట్లప్పా?"

"అట్లయితే ఇనుము తుప్పు పట్టి చెక్కను చీలుస్తాది. రాగి మెత్తన. స్క్రూ కడిగి కడిగి వదులైతాది. ఇంగ ఇత్తడంటావా... నువ్వు ఎడమ చేత్తో గోక్కుంటాండావే, కోసేది గూడా దాంతోనేనా?"

ఓబులేష్ కోయిలకుంట్లలో పెండ్లికి పోయి, విందులన్నీ ముగించుకుని తిరిగొచ్చాడు. హుసేనప్ప ఇంకా ఇత్తడి గురించే ఆలోచిస్తున్నాడు.

న్యాయంగా రెండు పక్షాలూ చెప్పాలి. ఆయన బిగించిన పిడి ఊడిందని తిరిగి వచ్చినవారు లేరు. ఇచ్చిన కత్తి సమయానికి తిరిగి వచ్చిందన్నవారూ లేరు.

అటువంటి మనిషి దగ్గరికి, తెల్లవారితే పెండ్లి వంట పెట్టుకుని, ముబీనా పరుగెత్తుకుంటూ వచ్చింది. రాహేలమ్మ వంట బృందంలో మాంసం కోసేది ఆమే. చికున్‌గున్యా వచ్చి పోయినప్పటినుంచి కుడిచేతి పట్టు ఉన్నట్టుండి సడలిపోతోంది. కిందటి వంటలో కత్తి జారి పక్కామె కాలి దగ్గర పడింది. "ఇంగోసారి జారిందంటే నువ్వు గిన్నెలు కడుగుదువులే" అని రాహేలమ్మ తేల్చేసింది. చేతి సంగతి మాత్రం ముబీనా ఎవరికీ చెప్పుకోలేదు.

"పిడి వదులైంది చిన్నాయనా."

"యాడ వదులైందమ్మీ? రాయి మాదిరి ఉండాదే!"

హుసేనప్ప తన పట్టకారు ఆమె చేతికిచ్చి పట్టుకోమన్నాడు. కాసేపటికి అది జారి కిందపడింది. ఆయన అటు చూడనే లేదు. రివిట్ల డబ్బా కుమ్మరించుకుని కూర్చున్నాడు.

"ఇత్తడా, రాగా..."

"తెల్లారితే పెండ్లి చిన్నాయనా! ఏదో ఒకటి కొట్టు!"

"ఏదో ఒకటి కొట్టేదానికి నేనెందుకు? బండరాయి సాలదా?"

మధ్యాహ్నందాకా సాగింది ఆ విచారణ. చివరికి ముందు రెండు ఇత్తడి రివిట్లు బిగించి, పిడి కొసన మాత్రం బోలుగా ఉన్న ఇత్తడి గొట్టాన్ని దూర్చి, రెండు వైపులా అంచులు మలిచాడు. అందులోంచి మణికట్టుకు తగిలించుకునే తాడు.

"ఏందిది?"

"కొత్త ఫ్యాషను. ఇప్పుడంతా ఇదే."

ముబీనా మొహం వాడిపోయింది. "చేతగానిదానికి తాడు కట్టినారని నవ్వుతారు చిన్నాయనా. నా ఒక్కదాని కత్తికే ఉంటే రాహేలక్క ఇట్టే కనిపెడతాది."

"పో అమ్మీ, పో. నాకు పనుండాది."

ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. తెల్లవారి తాడును పిడికిట్లో దాచుకుని పెండ్లి వంటశాలలో అడుగుపెట్టేసరికి లోపల రాహేలమ్మ అరుపులు!

"నిన్న సాయంత్రం వచ్చి, మీ పిడ్లకు రివిట్లు తప్పని అందరి కత్తులూ గుంజుకపోయినాడు! బాగుండే పిడికి బొక్క కొట్టి, గొట్టం పెట్టి, దూడకు కట్టినట్టు తాడు కట్టిచ్చినాడు!"

"రాత్రికే ఇచ్చినాడా? హుసేనప్పేనా?" అని ఒకామె నోరు తెరిచింది. "ఏ రివిట్టు అని అడగలే?"

"ఒక్క మాట అడిగుంటే ఒట్టు! ఆ మనిషికి జరం తగిలినట్టుండాది."

వరుసగా పేర్చిన కత్తులన్నిటికీ తాళ్లు వేలాడుతున్నాయి. ముబీనా తన పిడికిలి విప్పి, నలుగురిలోనే తాడు మణికట్టుకు తగిలించుకుని మాంసం ముందు కూర్చుంది. కత్తి ఆడుతుంటే పక్కవాళ్లు ఆమె వేగాన్ని అందుకోలేకపోయారు.

పొద్దెక్కాక, కొవ్వు అంటిన చేతిలోంచి ఒక కత్తి సర్రున జారి, నేలకు జానెడెత్తున తాడుకు వేలాడింది. అది రాహేలమ్మది. ఆమె గబుక్కున దాన్ని అందుకుని, ఎవరైనా చూశారేమోనని నాలుగు దిక్కులూ చూసింది.

ముబీనా అప్పుడే ఎంతో అవసరం పడినట్టు పక్కకు తిరిగి, ఉల్లిగడ్డల బుట్టలో ఏదో వెతుకుతోంది.