అమ్మమ్మ రాతిపలక మీది పేరు

నాన్న పోయిన ఏడు భద్రాచలంలో గోదావరి ఒడ్డున తమ్ముడు పిండాలు పెడుతుంటే, పంతులుగారు పెద్దల పేర్లు ఒక్కొక్కటే అడిగారు. అమ్మ తల్లి పేరు దగ్గర అందరం ఆగిపోయాం. అమ్మ తల వంచుకుని, "నాకు తెలవదయ్యా" అంది.

అమ్మకు ఊహ తెలియకముందే వాళ్లమ్మ చనిపోయింది. తాతయ్య కృష్ణా వైపు నుంచి వచ్చి సత్తుపల్లి అవతల, అడవి అంచున పొలం కొన్న కొత్తలో సంగతది. ఆమెను ఆ పొలం గట్టునే పూడ్చి, పైన పేరు చెక్కించిన నాపరాతి పలక వేయించాడట. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇంట్లో మొదటి భార్య పేరు ఇక ఎవరూ ఎత్తలేదు. అమ్మ అడిగితే "మీ అమ్మ" అనేవాడు, అంతే. అమ్మకు చదువు రాదు. చిన్నప్పుడు ఆ రాయి మీద ఆడుకుంది గానీ, దాని మీద ఏముందో చదవలేకపోయింది. తరువాత తాతయ్య పొలం అమ్మేసి కుటుంబాన్ని కల్లూరు తీసుకొచ్చేశాడు. ఆ పేరు తెలిసిన పెద్దవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

గోదావరి నుంచి వచ్చిన వారానికి నేనూ తమ్ముడూ ఆ చోటు వెతుక్కుంటూ వెళ్లాం. పొలమంతా జామాయిల్ తోట అయిపోయింది. రాలిన ఆకులు చేతులతో తోస్తుంటే రాయి దొరికింది. పైపొర చాలావరకు లేచిపోయింది. తమ్ముడు ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే తాతయ్య పేరూ, "భార్య" అన్న మాటా లీలగా తేలాయి. దాని కిందున్న వరుసలో గీతలు తప్ప ఏమీ కంటికి ఆనలేదు. ఫొటోలు తీసి, మ్యాపులో ఆ చోటు గుర్తు పెట్టుకుని వచ్చేశాం.

పాత రాతల్ని స్పష్టంగా చూపించే యాప్ ఒకటి తమ్ముడికి ఎవరో చెప్పారు. ఫొటో అందులో పెట్టగానే కింది వరుస నిన్న చెక్కినట్టు తేలింది. ఒక ఆడమనిషి పేరు. తమ్ముడు గట్టిగా చదివాడు.

"మళ్లొకసారి చెప్పరా," అంది అమ్మ.

చెప్పాడు. అమ్మ నోట్లోనే పలుకుతూ వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజంతా ఆ పేరు ఆమె పెదాల మీదే ఉంది. పక్కింటావిడను పిలిచి, "మా అమ్మ పేరు దొరికింది వదినా" అని చెప్పింది. అమ్మ అంత సంబరపడగా నేనెప్పుడూ చూడలేదు.

ఫొటో ఫ్రేము కట్టించమంది. ఇంకాస్త బాగా వస్తుందేమోనని అదే ఫొటో మళ్లీ యాప్‌లో పెట్టాను. ఈసారి వేరే పేరు వచ్చింది. మూడోసారి ఇంకో పేరు. లేని అక్షరాల్ని అది తనంతట తానే గీస్తోంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. "అమ్మకు అప్పుడే చెప్పకక్కా. ఎండ ఏటవాలుగా పడే పూట ఇంకో ఫొటో తీద్దాం. అసలు రాయే చెప్తది," అన్నాడు.

వారం తిరక్కుండా వెళ్లాం. తోట కొట్టేశారు. మొద్దులు పీకడానికి జేసీబీ దింపి, నేలంతా చదును చేసేశారు. మ్యాపు చూపించిన చోట ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. అక్కడ పని చేయిస్తున్న కౌలుదారుని అడిగితే, "రాళ్లన్నీ ట్రాక్టర్‌కెత్తి వాగు దగ్గర గండి పూడ్చినమమ్మా. సమాధని మాకేం ఎరుక?" అన్నాడు. వాగు దాకా వెళ్లాం. గండి నిండా రాళ్లూ మట్టీ కలిసిపోయి ఉన్నాయి. తమ్ముడు పైనున్నవి కాసేపు తిరగేసి, చేతులు దులుపుకున్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. యాప్ సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

"అంటే ఆ పేరు మా అమ్మది కాదా?"

"ఏమోనమ్మా. కాకపోవచ్చు."

"ఫోన్ అబద్ధం చెప్తదా ఏందే?"

యాప్‌లో వచ్చిన మూడు పేర్లూ చదివి వినిపించాను.  అమ్మ మెల్లగా అడిగింది. "పేరు పోతే పోయింది. మా అమ్మ నన్ను ఏమని పిలిచేదో, అదన్నా చెప్పేటోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

ఎవరూ లేరని అమ్మకూ నాకూ తెలుసు.