నాగరత్న మేడం కప్పు తీసిన సాయంత్రం

మా ఎదురింటివాళ్లు కొత్తగా ఇనుప గేటు పెట్టించారు. పట్టా మీద చక్రాలతో పక్కకు జరిగే రకం. అనంతపురం దుమ్ముకు ఆ పట్టా నెల తిరక్కుండానే పూడిపోయింది. ఆ ఇంటాయన స్కూటరు బయటికి తీసిన ప్రతిసారీ గేటు గరగరమంటూ కదిలి, మధ్యలో ఒకచోట మొరాయించి, ఆఖరికి ఒక్క ఊపున జారి ఠంగుమని ఆగుతుంది. వీధిలో అందరికీ అదొక తలనొప్పి. నేను మాత్రం చదువుతున్న పేపరు పక్కన పెట్టి వింటాను. ఆ మోతతోపాటు నూనె రాసిన ఇనుము వాసన ముక్కుకు తగిలినట్టుంటుంది. చీకటి పడబోతున్న ఆకాశం నెత్తిమీద తెరుచుకున్నట్టుంటుంది. అచ్చం అలాంటి మోతతోనే తెరుచుకునే కప్పు ఒకటి ఉండేది. దాని కింద ఒక మనిషి నాకు ఆలోచించడం నేర్పారు.

ఆమె పేరు నాగరత్నమ్మ. మాకు నాగరత్న మేడం. ఉరవకొండలో నేను ఇంటర్ చదివేటప్పుడు ఫిజిక్స్ చెప్పారు. బళ్లారి వైపు మనిషి. కోపం వస్తే కన్నడం, సంతోషం వస్తే తెలుగు మాట్లాడేవారు. రిటైరయ్యాక తోటివాళ్లంతా టౌనులో స్థలాలు వెతుక్కుంటుంటే, ఆమె విడపనకల్లు దారిలో వీధి దీపాలు సరిగా వెలగని ఒక పల్లెను వెతుక్కుని ఊరి చివర ఇల్లు కట్టుకున్నారు. “ఈడ కరెంటు నిలకడగా ఉండదు మేడం” అని మేస్త్రీ జాలిపడితే, “అందుకే కదప్పా వచ్చినా” అన్నారట. మిద్దె మీద రేకుల గది, అందులో టెలిస్కోపు. ఆ గదికి పైకప్పు మొత్తం ఇనుప చక్రాల మీద పక్కకు జరుగుతుంది. ఉరవకొండ వెల్డింగు షాపులో దగ్గరుండి చేయించారు. ఒక్కరు తోస్తే కదలదు. ఆ రెండో మనిషిని చాలాసార్లు నేనే. అప్పటికి నేను ఉరవకొండలోనే ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. సైకిలుకు పని చెప్పడానికి నాకదొక సాకు.

ఆమెకున్న పిచ్చి ఒక్కటే. విశ్వంలో ఎక్కడో ఒక పెద్ద నక్షత్రం కూలిపోయేటప్పుడు గామా కిరణాలు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. ఆ మెరుపు ఎంతోసేపు ఉండదు, మన కంటికి కనపడదు. పైన తిరిగే ఉపగ్రహాలు దాన్ని పట్టుకుని, ఆకాశంలో ఫలానా చోట అని లోకమంతా కబురు పంపుతాయి. మెరుపు పోయినా ఆ చోట కాసేపు మామూలు వెలుగు మిగిలి, గంట గంటకూ మసకబారుతుంది. దాన్ని చూసి ఎంత వెలుగుందో చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటే అంత మంచిది. “పొయ్యి ఆర్పినాక నిప్పులు కణకణమంటాయి చూడు, అవి చల్లారకముందే పోయి చూడల్ల” అనేవారు మేడం. ఆ కబురు తెలియడానికి ఫోనులో బస్సు హారను మోత పెట్టుకున్నారు. అది మోగగానే ఆత్రంగా చూసి, మూతి ముడుచుకుని ఫోను బోర్లించేవారు. మనకు అది పగలు, లేకుంటే భూమికి అవతలివైపు, లేకుంటే మన టెలిస్కోపుకు అందనంత మసక. ఏళ్ల తరబడి ఇదే వరస. తన మిద్దె మీంచి ఒక్కదాన్నైనా వెతికి, ఆ పరిశీలకుల మధ్య తిరిగే చిన్న నివేదికల్లో తనదీ ఒకటి పంపాలి. ఆమె కోరిందల్లా అదే.

నేను మైకు మనిషిని. అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించి, బాబాల గుట్టు విప్పుతూ ఊరూరా తిరిగేవాణ్ణి. “ఓబులేశు అని దేవుని పేరు పెట్టుకోని దేవుడు లేడంటావా నువ్వు” అని ఎవరైనా ఎగతాళి చేస్తే, “పేరు మా నాయన పెట్టినాడు, మాట నాది” అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. మూఢనమ్మకం మీద కోపం తగ్గించుకోవాలని నాకు ఏనాడూ అనిపించలేదు. కానీ ఆ కోపాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలిసింది మాత్రం మేడం మిద్దె మీదే.

ఒక ఏడు రోహిణి కార్తె పోయింది, మృగశిర సగం గడిచింది, చినుకు లేదు. దున్నిపెట్టిన ఎర్రనేలలు పొగలు కక్కుతున్నాయి. విత్తనం శెనక్కాయలు మూటల్లోనే ఉన్నాయి. మా వైపు గాలిమరలు వచ్చినప్పుడు, అవి మబ్బుల్ని తోలేస్తున్నాయని ఒక మాట పుట్టింది. ఆ మాట ఈసారి మేడం కప్పు మీదికి మళ్లింది. నిజానికి జనం చూసింది తప్పేమీ కాదు. మేడం కప్పు తీసిన ఏ రోజూ వాన పడలేదు. వాన పడదని తెలిసిన రోజే ఆమె కప్పు తీస్తారన్న సంగతి ఎవరికీ తట్టలేదు, అంతే.

ఒకనాడు పొద్దున పదిమంది ఇంటి ముందుకొచ్చారు. ముందు గోవిందప్ప, ఊళ్లో అందరూ మాట వినే ముసలి రైతు. పక్కన తిప్పక్క, టీ కొట్టు నడుపుతూ చేను కూడా చేసుకునే మనిషి.

“మేడం, తప్పుగా అనుకోవద్దండి,” అన్నాడు గోవిందప్ప. “మీరు ఆ కప్పు తీస్తాంటే మబ్బు నిలస్తాలేదు.”

నేను లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను. మబ్బు ఎలా పుడుతుంది, గాలి ఎటు వీస్తుంది, పల్లెల్ని అజ్ఞానంలో ఉంచి బాగుపడేది ఎవరు, అంతా వరసగా నాలుక మీదికి వచ్చేసింది.

“ఓబులేశూ, మైకు ఆపు,” అన్నారు మేడం. గోవిందప్ప వైపు తిరిగి, “దీనివల్ల మబ్బు పోతాదంటే నేను ఒప్పుకోను అన్నా. ఐనా మీరు అడుగుతాండారు. ఎప్పటిదాకా మూయల్ల?”

“పదును అయ్యేదాకా.” విత్తనం వేయడానికి సరిపడా నేల తడిసేదాకా అని.

“సరే. మీరు చెప్పకుండా తీయను.”

వాళ్లు వెళ్లాక నేను మండిపడ్డాను. మూఢనమ్మకానికి లొంగిపోతారా, మీరే ఇలా చేస్తే మేమేం మాట్లాడాలి అని. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విన్నారు. “నమ్మినానని చెప్పినానా? ఒప్పుకోనని మొగం మీదే చెప్పినా గదా. వాళ్లకు ఏడాది కూడు పోతాదని భయం. నేను గెలిచి, ఊరు నన్ను విడిచిపెడితే, ఆ కప్పు నీ ఉపన్యాసం వచ్చి తోస్తాదా?”

కప్పు మూశారు. వాన రాలేదు. మూసినా రాలేదు చూశారా అని నేను టీ కొట్టు దగ్గర ఎగిరిపడితే, తిప్పక్క గ్లాసు కడుగుతూ, “రేకుల సందులోంచి చూస్తాందేమోలే” అంది. కొట్టంతా నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, పొద్దుగూకబోతుండగా, బస్సు హారను మోగింది. మేడం ఫోను చూశారు. మళ్లీ చూశారు. మూతి ముడవలేదు. కాసేపటి కిందటి మెరుపు, గట్టి మెరుపు. చీకటి పడేసరికి మన నెత్తికి కొంచెం పడమరగా ఉంటుంది. చందమామ లేడు. ఇన్నేళ్లూ ఆమె ఎదురుచూసింది సరిగ్గా దీనికోసమే. పడమటి దిక్కు అంచున మాత్రం ఒక నల్లని మబ్బు లేస్తోంది. నేను అప్పటికే మెట్లెక్కి కప్పు మీద చెయ్యి వేశాను.

“దిగు,” అన్నారు మేడం. “అడిగొస్తా.” చెప్పులు వేసుకుని టీ కొట్టుకు నడిచారు. వెనకాలే నేను. ఆ మబ్బును చూడటానికి ఊరు సగం అక్కడే ఉంది.

“గోవిందప్పన్నా, ఒక గంట కప్పు తీసుకుంటా.”

అందరూ మబ్బు వైపే చూశారు. గోవిందప్ప గొంతు తగ్గించి, “ఇన్నాళ్లకు కనపడినాది మేడం అది. ఈపొద్దే తీయల్లనా?” అన్నాడు.

“ఒక నక్షత్రం చచ్చిపోయింది అన్నా. ఆ వెలుగు ఈపొద్దు వచ్చింది. రేపటికి మన కంటికి అందదు.”

“చచ్చినదాన్ని చూసి ఏం చేస్తారు మేడం?”

“ఊర్లో ఎవురన్నా పోతే మీరు చూసేకి పోరా? పోయి ఏం చేస్తారు? చూస్తారు, అంతే గదా. ఆలస్యమైతే ఎత్తేస్తారని పరిగెత్తుకుంటా పోతారు.”

తిప్పక్క పొయ్యి మీది పాలు దించింది. “యాడుండాది మేడం ఆ నక్షత్రం?”

“ఎంత దూరమో ఇంగ తేలలేదు. ఇట్లాంటివి మామూలుగా భూమి పుట్టకముందే బయల్దేరినవి.”

“అంత దూరం నుంచి మన ఊరికి వచ్చింటే తలుపు తీయకుండా ఎట్లప్పా,” అంది తిప్పక్క, గోవిందప్పతో. ఆయన మబ్బును చూశాడు, మేడంను చూశాడు. “ఆ మబ్బు పోతే?”

“వచ్చి నన్ను తిట్టు. నేను యాడికీ పోను, ఈడే ఉంటా.”

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “పదండి, తోద్దాం.”

ఇన్నాళ్లు మూసి ఉండటంతో చక్రాలు దుమ్ము పట్టి బిగుసుకుపోయాయి. తిప్పక్క కొట్టులోంచి శెనక్కాయ నూనె గిన్నె తెచ్చి పట్టా పొడుగునా పోసింది. నలుగురు తోస్తే కప్పు గరగరమని కదిలి, ఆగి, జారిపోయింది. మబ్బు ఇంకా దూరంగానే ఉంది. నెత్తి మీద చుక్కలు ఒక్కొక్కటే వస్తున్నాయి. మేడం టెలిస్కోపును ఆ చోటికి తిప్పి కెమెరాతో ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ల్యాప్‌టాప్ మీద ఆ చోటి పాత ఫొటో ఒకవైపు, ఇప్పుడు తీసింది ఒకవైపు. పాతదాంట్లో లేని చుక్క కొత్తదాంట్లో ఉంటే అదే మనది.

నేను చూశాను. ఉంది. చిన్నది, తెల్లగా. “దొరికింది మేడం” అన్నాను. గోవిందప్ప నా భుజం మీద చెయ్యి వేశాడు. మేడం టెలిస్కోపును రవ్వంత జరిపి ఇంకో ఫొటో తీశారు. చుక్కలన్నీ తెరమీద పక్కకు జరిగాయి. నా చుక్క ఉన్నచోటే ఉంది.

“ఆకాశంలో ఉండేదైతే వాటితోపాటు జరగల్ల,” అన్నారు. “ఇది కెమెరాలో మచ్చ.”

“కంట్లో నలక మాదిరి,” అన్నాడు గోవిందప్ప.

“అదే అన్నా. బాగా చెప్పినావు.”

ఫొటో మీద ఫొటో తీశారు. అన్నీ కలిపి చూశారు. అక్కడ మాకు ఏమీ కనపడలేదు. అంతలో చల్లటి గాలి ఒకటి తాకింది. ఎవరో నీళ్లు చల్లినట్టు మట్టి వాసన. మొదటి చినుకు రేకు మీద టప్పుమంది. ఆ చప్పుడుకు జనమంతా టెలిస్కోపునూ నక్షత్రాన్నీ వదిలేసి వాకిట్లోకి పరిగెత్తారు. తిప్పక్క చేతులు చాపి నిలబడింది. గోవిందప్ప మొహం పైకెత్తి, నోరు తెరిచి, పిల్లవాడిలా చినుకులు పట్టుకుంటున్నాడు. మిద్దె మీంచి మేడం, టెలిస్కోపు మీద చీర కొంగు కప్పి, “అప్పా, ముందు కప్పు మూయండి, ఆమీద తడుస్తురు” అని కేక పెట్టారు. నవ్వుతూ వచ్చి, నవ్వుతూ తోశారు. మూసేసరికి అందరం తడిసి ముద్దయ్యాం.

ఆ తడి బట్టలతోనే మేడం నివేదిక రాశారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. తిప్పక్క అడిగితే తెలుగులో చదివి వినిపించారు: “చూసినాం. ఇంత వెలుగు వరకు చూడగలిగినాం. కనపడలేదు. తర్వాత మబ్బు కమ్మింది.”

నాకు నీరసం వచ్చింది. “కనపడలేదని కూడా పంపుతారా మేడం?”

“అదీ కబురే ఓబులేశూ. ఈ టయానికి అది మన చూపు కంటే మసకగా ఉన్నిందని తెలుస్తాది. ఎంత బిర్నా, ఎంత తొందరగా చల్లారిందో లెక్కేసుకుంటారు. లేదని మాత్రం రాయగూడదు. మనం చూసింది ఎంత? అంతే రాయల్ల.” రెండు రోజులకు తెలిసింది, అదే రాత్రి ఎక్కడో పెద్ద టెలిస్కోపు వాళ్లకు అది కనపడింది, మా హద్దుకు దిగువన, చాలా మసకగా. మేడం మాట నిలబడింది. వాళ్ల నివేదిక చదివి మేడం, పిల్లలకు కొనిపెట్టినట్టు, మా అందరికీ మైసూరుపాకు తెప్పించారు. ఏమీ కనపడనందుకు మిఠాయి పంచిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఆ వానకు పదునైంది. ఊరంతా విత్తనం వేసింది. వారం తిరిగేసరికి కొత్త మాట పుట్టింది: మేడం కప్పు తీస్తే వాన వస్తాది. పక్క ఊరివాళ్లు టెంకాయలు పట్టుకుని వచ్చారు, మా వైపుకు కూడా ఒకసారి తీయండి మేడం అని. నేను మేడంను లోపలికి పిలిచి మెల్లగా చెప్పాను. “ఉండనీండి. ఇంక ఎవరూ అడ్డుపడరు. ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు.” అప్పటికి అది నాకు లౌక్యంగానే తోచింది.

ఆమె నన్ను తేరిపార చూశారు. “మొన్న ఆ మచ్చను చుక్క అని రాసి పంపింటే ఏమంటాంటివి నన్ను?”

ఆమె టెంకాయలు వెనక్కి ఇచ్చేసి, నేరుగా టీ కొట్టుకు పోయారు. అందరూ ఉన్నప్పుడు చెప్పారు. “నేను కప్పు తీసినందుకు వాన రాలేదు. మూసింటే కూడా వచ్చేదే. మబ్బుకు నా కప్పు ఉండాదని కూడా తెలీదు. ఇది విని మళ్లీ మూయమంటే ఇప్పుడే చెప్పండి.”

ఇన్నేళ్ల ఆమె కోరికకు దొరికిన తలుపును ఆమే మూసేస్తున్నారనిపించింది. గోవిందప్ప చాలాసేపు టీ ఊదుకున్నాడు.

“తీస్తే వాన రాదు,” అన్నాడు.

“రాదు.”

“తీస్తే పోదు.”

“పోదు.”

“అట్లయితే మాకు వచ్చేదేం లేదు, పోయేదేం లేదు. తీసుకోండి మేడం మీ కప్పు. తోసేకి మనిషి కావల్లంటే పిలవండి.”

ఆ తర్వాత ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ఆ కప్పు తోయడానికి మనిషి కరువు కాలేదు. రెండు విస్ఫోటాల వెలుగు మేడం తన కళ్లతో చూశారు, తన పేరుతో పంపారు. మూఢనమ్మకాలతో ఎలా పోరాడాలని ఎవరైనా అడిగితే, అవతలివాడి అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక, మన పని జరిపించే అబద్ధాన్ని వదులుకోవడమే పోరాటం అని చెబుతాను. ఆ మాట నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

పోయిన నెల రాయదుర్గంలో జీన్సు కుట్టేవాళ్ల వీధిలో సభ. నా మిత్రుడొకడు నన్ను పరిచయం చేస్తూ, నాకు శాపం పెట్టిన ఒక స్వామి వారం తిరక్కుండా కాలు విరగ్గొట్టుకున్నాడని చెప్పాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. సభ అప్పుడే నా చేతిలోకి వచ్చేసింది. నేను మైకు తీసుకుని, ఆయన తడి మెట్ల మీద జారాడని, నాకూ ఆ కాలికీ ఏ సంబంధం లేదని చెప్పాను. చప్పట్లు సగంలో ఆగిపోయాయి. నా మిత్రుడు బస్టాండు దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కణేకల్లు దాటేదాకా ఒంటరిగా నవ్వుకుంటూనే ఉన్నాను.