తురుంఖాన్ పిన్ని

మా పిన్ని ఒక చిన్న పిజ్జా కొట్లో వంటమనిషి. గట్టి చీజ్‌ను తురిమీ తురిమీ ఆమె కుడి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. నోరు మాత్రం అరగలేదు.

ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం. ఫ్రిజ్‌లోంచి తీసిన, బజార్లో కొన్న చీజ్ తురుము డబ్బాలో ఒక మూల ఆకుపచ్చ బూజు కనిపించింది. పిన్ని టక్కున మూత పెట్టేసింది.

"ఆ కాస్త తీసేసి చల్లు. మొన్న చీజ్ గడ్డకు బూజు పడితే కోసేసి వాడావుగా!" అన్నాడు ఓనరు.

"గట్టి గడ్డలో బూజు లోపలికి అంతగా దిగదండీ. చుట్టూ లోతుగా కోసేస్తే మిగతాది తినొచ్చు. తురుము అలా కాదు. ఒక మూల కనిపించిందంటే డబ్బా అంతా పాకినట్టే."

"డబ్బా మీద తేదీ ఇంకా దాటలేదే!"

"ఆ తేదీ మూత తీయనంతవరకే. తీశాక ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు వారాలుంటే గొప్ప. బూజు పట్టాక ఒక్క పూట కూడా లేదు."

ఓనరుకు ఒళ్లు మండింది. "నువ్వేమన్నా పెద్ద తురుంఖానువా?"

"ఖాను సంగతేమోగానీ, తురుము సంగతి మాత్రం నాదేనండీ" అంటూ పిన్ని డబ్బా మొత్తం చెత్తబుట్టలో బోర్లించింది.

"రేపట్నుంచి పనిలోకి రాకు!" అని అరిచాడాయన.

మర్నాడు ఆయన షట్టరు తీయడానికి వచ్చేసరికి, ఏప్రన్ కట్టుకుని, చేతిలో తన తురుముపీటతో పిన్ని గుమ్మం ముందే నిలబడి ఉంది.

"తురుంఖాన్ వచ్చింది. తలుపు తీయండి."