మూడు మళ్ళ గోల్డెన్‌రాడ్

అన్నం తినే చేత్తో రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే రేపటినుంచి నాకు ముద్ద గొంతు దిగకుండా పోవుగాక. తిండి విషయంలో నేను ఎప్పుడూ దొంగ ఒట్టు వెయ్యలేదు.

మా మావగారంత పనికిమాలిన పూల పండితుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. జమీ ఉన్న రోజుల్లో ఆయన కోరాపుట్‌లో ఎస్టేటు కచేరీకి పెద్ద గుమాస్తా. వీధిలో నడిచి వెళ్తుంటే జనం అరుగులు దిగి నిలబడేవారట. ఇది ఆయన చెప్పిన మాటే, నిలబడ్డవాణ్ణి ఒక్కణ్ణీ నేను ఎరగను. జమీ రద్దయ్యాక ఆయన ఏలుబడికి పెరట్లో మూడు మళ్ళు మిగిలాయి. దేశం వదిలిపోతూ ఒక దొరసాని తన తోటలోంచి మూడు దుబ్బులు పెకలించి ఇచ్చింది. మూడూ గోల్డెన్‌రాడ్ అనే పసుపుపూల మొక్కలే గాని జాతులు వేరు. ఒకదాని కాడ నిండా నూగు. ఒకదాని కాడ నున్నన. మూడోది పొట్టి రకం, పూలు కాస్త పెద్దవి. నిజానికి మా ఊరు కొల్నారలో గట్ల మీద మొలిస్తే మేక కూడా తప్పుకుని పోయే మొక్క. ఇంగ్లీషు పేరుంది కనక మడీ, ఎరువూ, రెండు పూటలా నీళ్ళూ.

కూతురికి సంబంధం వస్తే జాతకమూ జీతమూ తర్వాత. ముందు పెళ్ళికొడుకు ఆ మళ్ళ దగ్గర నిలబడి ఏది ఏ జాతో చెప్పాలి. నాకు ముందు దసమంతపూర్ నుంచి ఒక ఓవర్సీరు వచ్చి ఓడిపోయాడు. బట్టతల, మెల్లకన్ను, పైగా నత్తి. వాడు మొదటి జాతి పేరు పలకడం పూర్తి చేసేసరికి రెండో మడిలో పూలు రాలిపోయాయి.

నాకు మాత్రం ఓడిపోవాలని లేదు. కాఫీ గ్లాసు అందిస్తూ ఆ పిల్ల సూటిగా నా మొహంలోకి చూసి, "పంచదార సాలిందా, ఇంకొంచెం ఎయ్యాలా?" అని అడిగింది. అంతకుముందు చూసిన పిల్లలందరూ నేలని తప్ప నన్ను చూడలేదు. ఈ పిల్ల కావాలి అనుకున్నాను.

అందరం పెరట్లోకి నడిచాం. రాయగడ నుంచి బస్సులో నాకు తోడొచ్చిన మా బావకి ఒళ్ళు మండింది.

"ఏటండీ, మీకు కావాల్సింది అల్లుడా, తోటమాలా?" అన్నాడు.

"నీల్లు పోసీవోడు తోటమాలి బాబూ. జాతి ఎరిగినోడు అల్లుడు," అన్నారాయన. "నాకైతే సీకట్లో తడివినా తెలిసిపోద్ది."

ఒక్కో మడి చివర ఒక పుల్ల, దానికి గోడవైపు తిప్పిన రేకు ముక్క, దాని మీద జాతి పేరు. నేను వంగి మొదటి మడిలో కాడ తడిమాను. నున్నన. రెండోది తడిమాను, నున్నన. మూడోదీ అంతే. ఎత్తు ఒకటే, పూల వాలు ఒకటే, వాసన ఒకటే. మూడు మళ్ళలోనూ ఉన్నది ఒక్కటే జాతి. ఆ మాట అంటే ఈ పెద్దమనిషి నన్ను పెరటి గుమ్మంలోంచే పంపేస్తాడు. నోటికొచ్చిన వరసలో, నూగుది, పొట్టిది, నున్నది అని చెప్పేశాను.

"ఆగు," అన్నారాయన. చీకట్లో తడిమి పోల్చగల మహానుభావుడు పట్టపగలు రేకు చదవడానికి కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఆ పిల్ల చెంబుతో నీళ్ళు పట్టుకుని మళ్ళ దగ్గరకొచ్చింది.

"మొదటిది ఏటన్నారు?"

"నూగుది."

"తరవాత?"

"పొట్టిది."

చకచకా పుల్లలు పీకి నేను చెప్పిన వరసలో గుచ్చేసింది. మా బావ నోరు తెరిచాడు. "ఏటమ్మీ ఈ పని?"

"రెండు దుబ్బులు మొదటి వానకే కుల్లిపోనాయండి. నాన్న బెంగెట్టుకుంతాడని మిగిలిన దాన్నే పాయలు సేసి మూడు మల్లూ నింపేసేను."

"ఇన్నాళ్ళూ ఆయన పోల్చలేదా?" అన్నాను.

"రోజూ పోల్సుతునే ఉన్నాడు కదా," అని చెంబులో నీళ్ళు మొక్కల మొదట్లో పోసి వెళ్ళిపోయింది.

మావగారు కళ్ళజోడు పెట్టుకొచ్చి మూడు రేకులూ చదివి నడుం నిటారు చేశారు. "కాడ సూసి సెప్పేవా, పువ్వు సూసి సెప్పేవా?"

"రెండూ చూశానండి."

"అదీ సూపంటే. ఆ ఓవర్సీరుకి లేనిది అదే."

అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నాం.

ఇక నేను కల్పించింది ఏదంటే, ఆ ఓవర్సీరు. వాడికి బట్టతల లేదు, మెల్లకన్నూ లేదు, నత్తి అసలే లేదు. పొడగరి, ఒత్తైన జుట్టు, నాకంటే పెద్ద జీతం. మా ఆవిడ చెప్పిన ప్రకారం వాడు కూడా మూడు కాడలూ తడిమి చూశాడు. చూసి, "మూడూ ఒకటేనండీ" అని చెప్పేశాడు. మా మావగారు వాణ్ణి గుమ్మం దాకా కూడా సాగనంపలేదు.