జర్మన్ మెషిన్ మీద నేను చదివిన మాట

నా చిన్నప్పుడు, ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు జరిగిందిది. నవ్వకండి. యాభై ఆరేళ్ళు వేలిముద్ర వేసినవాడికి అక్షరాలొచ్చిన ఏడాదే చిన్నతనం. నాది కరోనా తగ్గాక, దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని ఒక వడ్రంగి షెడ్డులో గడిచింది.

నాకు గురువు మా తమిళ మెకానిక్. వయసులో చిన్నవాడే, అయినా అక్షరాలు చెప్పాడు కనక అన్న అన్నాను. చాయ్ టైములో అట్టముక్క మీద ఇంగ్లీషు మాటలు రాసేవాడు. నేను మొదట చదివింది 'హ్యాండ్'. దానికే వారం పట్టింది.

ఆ రోజు చెక్కకు షీటు అతికించే పాత జర్మన్ ప్రెస్ దిగింది. చదువురాని మేం మెషిన్ ఆగిందీ లేనిదీ దీపంతో గుర్తుపడతాం. మా పాతదానికి ఎర్ర దీపం ఆరితే ఆగినట్టు. దీనికీ దీపం ఆరింది. లేబర్ క్యాంపులో నా పక్క మంచం కుర్రాడు, నేను తమ్ముడూ అని పిలిచేవాడు, వంకరపోయిన షీటు సర్దుదామని లోపలికి చెయ్యి పెట్టాడు.

నా కళ్ళు మెషిన్ మీది రేకు ముక్క మీద ఉన్నాయి. గూడ్సు బండంత పొడుగు మాట. మొదటి నాలుగక్షరాలే తెలుసు. హ్యాండ్. ఇక్కడ చెయ్యి అని ఎందుకు రాశారు? వాడి కాలర్ పట్టి గుంజాను.

"అరేయ్, చెయ్యి తియ్‌రా!"

ఇద్దరం వెల్లకిలా పడ్డాం. దీపం ఆరినా ఆగని పైపలక చప్పుడు లేకుండా దిగింది. వాడి గ్లౌజు లోపలే ఉండిపోయింది.

ఫోర్‌మన్ "క్యా తమాషా హై, బుడ్డే?" అని ఈ ముసలాణ్ణి కసురుతూ వచ్చి, గ్లౌజు చూసి గబుక్కున మెషిన్ ఆపాడు. తమ్ముడు వేళ్ళు చూసుకుని, "ఐదూ ఉన్నయే కాకా" అని నవ్వి, భోరున ఏడ్చాడు.

"నీ ఇంగ్లీషే కాపాడిందన్నా" అన్నాను తమిళ అన్నతో.

"ఇంగ్లీష్ నహీ కాకా. అది జర్మన్. చెయ్యి నలుగుతది, జాగ్రత్త అని."

లేచి మళ్ళీ ఆ రేకు దగ్గరికెళ్ళి చూశాను. నా అక్షరాలు అక్కడికెలా పోయాయి? అన్న చెప్పాడు: ఇంగ్లీషు, జర్మన్, డచ్చి, స్వీడిష్ ఒక తల్లి పిల్లలట. చెయ్యి అందరికీ హ్యాండే. రెండైతే మాత్రం ఇంగ్లీషులో హ్యాండ్స్, జర్మన్‌లో హెండె, డచ్చిలో హాండెన్. అసలు ఎక్కడ పుట్టిందో గట్టిగా తెలియదట. పట్టుకోవడం అనే పాత మాట నుంచి వచ్చిందని కొందరంటారట. "మా కై, మీ చెయ్యి కూడా అట్లనే, కాకా. ఒకే ఇల్లు."

ఆ దిగ్భ్రమ నాకింకా పోలేదు. కొత్త మెషిన్ ముందు ఇప్పటికీ దీపం చూడను. రాత చూస్తాను, తెలియని మాటలో తెలిసిన అక్షరాలు వెతుకుతాను.

ఆ పొద్దున అక్కడున్నది నేను, తమిళ అన్న, పక్క మంచం తమ్ముడు, ఫోర్‌మన్. నలుగురం. ఎనిమిది చేతులూ ఉన్నాయి.