ఏనుగుకు దాహమేసిందనుకున్న రోజు

ఒక్క బకెట్ నూనెతో ఒక మనిషి ఎంత అప్రతిష్ట సంపాదించగలడో తెలుసుకోవాలంటే చివరిదాకా చదవండి. మీకు సరదాగానే ఉంటుంది. నూనె పడింది నా మీద కదా.

అప్పటికి నేను మెకానిక్‌ను కాదు, మెకానిక్ అని కార్డు అచ్చువేయించుకున్నవాణ్ని. "హైడ్రాలిక్ స్పెషలిస్ట్" అని ఎర్రక్షరాల్లో ఉండేది. స్పెలింగు సంగతి ప్రెస్సువాడు చూసుకున్నాడు. హైడ్రాలిక్ సంగతి నేనింకా చూసుకోవాల్సి ఉంది. ఫోన్లో వీడియోలు మాత్రం శ్రద్ధగా చూశాను.

ఆర్మూర్ నుంచి అంకాపూర్ పోయే దారిలో గంగవ్వ పెద్దమ్మ కళ్లం. ఏడాది పంట పసుపును ఉడకబెట్టి అక్కడే ఆరబోసింది. ఇందల్వాయి దిక్కున మబ్బు నల్లబడుతోంది. కళ్లమేమో పల్లంలో ఉంది. వాన పడితే పక్క చేలలోని నీళ్లన్నీ పసుపును చూడ్డానికే వస్తాయి. అందుకని చుట్టూ కాలువ తవ్వడానికి సాయిలు కాకను పిలిపించింది. కాకకు సొంతంగా ఒక పాత మట్టి తవ్వే బండి ఉంది. అందరూ దాన్ని ఏనుగు అంటారు, అది చాచే ఇనుప చేతిని తొండం అంటారు. ఏనుగు వయసు నాకంటే ఎక్కువ. దానికి ఒకప్పుడు రంగు ఉండేదని పెద్దవాళ్లు చెబుతారు.

సగం కాలువ తవ్వాక తొండం మొరాయించింది. పైకెత్తితే నిలబడదు. మీటింగులో ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి తలలాగా మెల్లగా, మర్యాదగా కిందికి వాలిపోతోంది. కాక విసిగిపోయి దాన్ని పైకెత్తి, కింద ఒక దుంగ ఆనించి, నా కార్డు వెతికి ఫోన్ చేశాడు.

నేను చలువ కళ్లద్దాలతో దిగాను. మబ్బు పట్టిన రోజు.

"వచ్చినవా సారూ! జర జల్ది చూడు," అన్నాడు కాక.

"సారు" అనేసరికి నా ఎత్తు రెండంగుళాలు పెరిగింది.

"ఫికర్ జేయకు కాకా. ఐదు నిమిషాలు."

"ఐదంటే ఐదేనా బిడ్డా?" అంది గంగవ్వ పెద్దమ్మ మబ్బు వైపు చూస్తూ. "మీ మెకానిక్‌ల నిమిషాలు యేరే ఉంటయి."

ట్యాంకు పక్కన నూనె ఎంతుందో చూపించే చిన్న అద్దం ఉంటుంది. అందులో నూనె ఎక్కడో అడుగున ఉంది. నాకు జ్ఞానోదయమైంది.

"కాకా, నీ ఏనుగుకు దాహమైతున్నది. ఆయిలే లేదు."

"అది గట్లనే కనవడ్తది సారూ. తొండం పైనున్నది గదా, ముందుగాల దించి..."

"కాకా, నువ్వు నడిపిస్తవ్, నేను రిపేర్ చేస్త. ఎవరి పని వాళ్లది."

"సరే సారూ."

ఆ "సరే"లో కొంచెం జాలి కలిసి ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

కాక దగ్గర ఇరవై లీటర్ల కొత్త ఆయిల్ బకెట్ ఉంది. మొత్తం పోశాను. అద్దం నిండింది, ట్యాంకు నిండింది, నా ఛాతీ కూడా నిండింది. మూత పెట్టి, ట్యాంకు మీద చెయ్యి వేసి, పెళ్లి ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"ఇగ దించు కాకా!"

"దించమంటవా?"

"దించు!"

"మల్లొకసారి అడుగుతున్న..."

"అరే, దించు కాకా!"

ఇక్కడ మీకొక చిన్న పాఠం. నాకు ఉచితంగా రాలేదు, మీకు ఉచితం. తొండం పైకి లేచి ఉన్నప్పుడు ట్యాంకులోని నూనె చాలామటుకు దాన్ని ఎత్తిపట్టే సిలిండర్లలోకి పోయి ఉంటుంది. దించితే ఆ నూనె ఇంటికి తిరిగొస్తుంది. ఇంట్లో అప్పటికే నేను పోసిన ఇరవై లీటర్ల చుట్టాలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

కాక దుంగ తీయించి తొండం దించాడు. ముందు మూత ఈల వేసింది. మెచ్చుకుంటోందనుకున్నాను. తర్వాత అదే ఎగిరిపోయింది. దాని వెనకే నూనె నిలువెత్తు లేచి, గాలికి కళ్లం వైపు వంగింది.

"ఓ నా పసుపో!" అంటూ పెద్దమ్మ పంట మీద కప్పే టార్పాలిన్ పరదా అందుకుని ఉరికింది.

నూనె పడితే అది పసుపు కాదు, తాళింపు. వాన నుంచి పంటను కాపాడమని పిలిస్తే నేను సొంతంగా ఇంకో వాన కురిపించాను. ఏం చేయాలో తోచక ట్యాంకు మీద బోర్లా పడి, రంధ్రాన్ని పొట్టతో మూశాను. నూనె చొక్కా కిందినుంచి దూరి, అన్ని గదులూ చూసుకుని, కాలర్లోంచి బయటికొచ్చింది.

"ఆపు కాకా!"

"దించమన్నవ్, దించిన. ఇప్పుడు ఎత్తాల్నా దించాల్నా? ఒక్కటి జెప్పు!"

"ఎత్తు!"

ఎత్తాడు. నూనె లోపలికి పోయింది. పసుపు మీద ఒక్క చుక్క పడలేదు. కొంత పరదా మీద పడింది, మిగిలిందంతా నా మీదే. తొండమేమో మళ్లీ మెల్లగా వాలడం మొదలుపెట్టింది. అంటే జబ్బు జబ్బులాగే ఉంది, రోగికి కొత్తగా అజీర్తి కూడా పట్టుకుంది. మళ్లీ దుంగ పెట్టి, నేను మగ్గుతో నూనె తోడసాగాను. పోసేటప్పుడు ఇంజినీరును, తోడేటప్పుడు కూలీని.

ఇంకెవరూ జారిపడకుండా పెద్దమ్మ గుడ్డతో బండి మెట్టు తుడుస్తూ ఒక్కసారి ఆగింది.

"సాయిలన్నా, నీ లివర్ కింద పసుపు కొమ్మున్నదేంది?"

చూశాం. తొండాన్ని ఎత్తి దించే లివర్ అడుగు సందులో కొమ్ము ఇరుక్కుని ఉంది. వదలగానే లివర్ మధ్యకు తిరిగి రావాలి. కొమ్ము అడ్డుపడి వేలెడు దూరంలోనే ఆగిపోతోంది. దాంతో ఎవరూ ముట్టుకోకుండానే ఏనుగుకు "దించు, దించు" అని ఆజ్ఞ వెళుతోంది. పాపం అది బుద్ధిగా దించుతోంది.

"దసరకు పూజ జేసి లివర్‌కు కట్టిన," అన్నాడు కాక నసుగుతూ. "దారం తెగి పడ్డట్టున్నది."

దాన్ని పట్టకారుతో లాగి తీశాడు. ఆపరేషన్‌లో తీసిన రాయిని చూసినట్టు ఇద్దరం చూస్తున్నాం. పెద్దమ్మ దాన్ని లాక్కుని, చెవి దగ్గర పెట్టుకుని, పుటుక్కున విరిచింది.

"మస్తు ఎండింది," అంది. "నా పంట గిట్ల ఎండితే సాలు. ఇగ మొకాలు జూసుకునుడు బంద్ జేసి తవ్వుండ్రి!"

తవ్వాం. తొండం ఆపిన చోట ఆగింది. కాలువ ముగిసిన కాసేపటికే వాన దంచికొట్టింది. పక్క చేల నీళ్లు వచ్చి, కాలువ పట్టుకుని, పసుపును పలకరించకుండానే వెళ్లిపోయాయి. పరదాల కింద పంట పొడిగా ఉంది. నేనూ తడవలేదు. నా మీద చుక్క నిలిస్తే కదా.

షెడ్డులో కాక నాకు చాయ్ ఇచ్చాడు.

"పిలగా, రేపటి సంది నా ఎంబడి రా. నేర్పిస్త."

"గింత జేసినంక గూడ రమ్మంటవా కాకా?"

"మస్తు మంది మెకానిక్‌లను జూసిన. తప్పు జేసి ట్యాంకు మీద బోర్ల పడ్డోన్ని నిన్నే జూసిన. కడమోళ్లు ఉరుకుతరు."

సారు నుంచి పిలగాకు దిగడమే నా జీవితంలో మొదటి ప్రమోషన్.

ఇప్పుడు కమ్మర్‌పల్లి దాకా పాత బండ్లను బాగుచేస్తున్నాం. నిజంగానే బాగవుతున్నాయి. పేరు మాత్రం నాకంటే ముందే ఊళ్లకు చేరిపోయింది. మొన్న ఒకాయన ఫోన్ చేశాడు.

"అన్నా, మా బండి తొండం ఆగుతలేదు. వస్తవా?"

"వస్తనే. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకుండ్రి."

"సరే అన్నా. గొడుగులు ఎన్ని తెప్పియ్యాలె?"

కాబట్టి మహాజనులారా, ఇదే నా ప్రమాణం. ఇకమీదట ఏ బండి తొండమైనా నేలకు ఆనాకనే, దాని డ్రైవరు వాక్యం పూర్తయ్యాకనే, ట్యాంకు మూత మీద చెయ్యి వేస్తాను. నూనె స్నానమంటారా, అది ఇక తలకే, ఆదివారమే, అరచేతిలో పట్టేంతే.